సంశ్లేషణ జీవశాస్త్రము – విద్యార్థుల ఆసక్తి

ప్రశ్న: డిగ్రీ కళాశాలలో సంశ్లేషణ జీవశాస్త్రమును బోధించుచున్నాను. విద్యార్థులు వ్రాసికొందురే గాని ప్రశ్నింపరు. ఉపాయమేమి?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: అమ్మా, పాఠముతో గాక సమస్యతో ఆరంభింపుడు. 2003 జనవరిలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో, మిణుకుమిణుకుమను కణములను రూపొందింపుడని విద్యార్థుల కప్పగించిన స్వల్పకాలిక అధ్యయనమే, మరుసటి యేట ఐదు బృందముల పోటీయై, క్రమముగా ఐజెమ్ అను పేర ప్రపంచమంతట వ్యాపించినది. 2006లో ఎం.ఐ.టి. బృందము అరటిపండు వాసన వెదజల్లు ఈ.కోలై సూక్ష్మజీవిని సృజించెను, ముచ్చటైన వినోదమే. ఆ యేడే ఎడిన్‌బరో విద్యార్థులు నీటిలోని ఆర్సెనిక్‌ను పసిగట్టు సూక్ష్మజీవికి రూపకల్పన చేసిరి. వంగదేశపు గొట్టపుబావుల నీటిలోని ఆర్సెనిక్ కలిగించిన విషాదము నెరిగిన మనకు దీని విలువను వేరుగ వివరింపవలెనా?

తరగతికి ఈ రెండవదే తగినదని నా అభిప్రాయము. ఆర్సెనిక్ లేనపుడు జన్యువు ముందుభాగమును అంటిపెట్టుకొని దానిని నిరోధించు ప్రోటీను, ఆర్సెనిక్ సోకగానే పట్టువిడువగా, జన్యువు మేల్కొని లాక్టోజును చీల్చు ఎంజైమును పుట్టించును. ఆ చక్కెరను కణము పులియబెట్టగా జనించిన ఆమ్లముచే సూచకద్రవము రంగు మారును. ఇంతటి యంత్రమును కాగితముపై గీయించుటకు ప్రయోగశాల అక్కరలేదు. నిజముగ జన్యుపరివర్తనము చేయింపదలచినచో మాత్రము సంస్థాగత జీవభద్రతా సంఘపు అనుమతి ముందుగా పొందవలెను.

పిమ్మట మీ విద్యార్థులను సమీప ఉన్నత పాఠశాలకు పంపి, తెలుగున వివరింపుమనుడు. “ఆ సూక్ష్మజీవి బావిలో పడినచో?” అని బాలురడుగు ప్రశ్నకు జవాబు వెదకుటకై వారు మరల మీ యొద్దకే వత్తురు.