విద్యార్థి – అస్తేయ వ్రతము

పతంజలి మహర్షి ఐదు యమములను చెప్పుచు, అహింసా సత్యముల వెంటనే అస్తేయమును నిలిపెను. పరుల సొమ్మును అపహరింపకుండుటయే అస్తేయము. ధనధాన్యములే సొమ్ము కావు. ఒకడు ఆలోచించి, శ్రమించి కూర్చిన వాక్యమును సొమ్మే. దానిని తనదిగా చూపుకొనుట గ్రంథచౌర్యము. పూర్వము తోటివాని నోటుపుస్తకమో, గైడో ఇందుకు సాధనము. నేడు అంతర్జాలమును, అడిగినంతనే వ్యాసమును కూర్చి యిచ్చు కృత్రిమ మేధా యంత్రములును వచ్చినవి. సాధనములు మారినవి గాని దోషము మారలేదు.

ఇందు ముఖ్యముగా నష్టపడువాడు ఎత్తి వ్రాసిన విద్యార్థియే. ఉపాధ్యాయుడు వ్యాసము వ్రాయించుట వ్యాసము కొరకు కాదు. చదివినదానిని జీర్ణించుకొని తన మాటలలో చెప్పగల శక్తి బాలునికి అలవడుటకు. ఎత్తి వ్రాసినవాడు ఆ శక్తిని చేజేతుల పోగొట్టుకొనుచున్నాడు.

శిక్షలు లేకపోలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో ఉన్నత విద్యాసంస్థలకు నిబంధనలు చేసినది. వాని ప్రకారము పరిశోధన గ్రంథమున పోలిక 10 శాతము మించి 40 వరకున్నచో, 6 నెలలలోపల సవరించి మరల సమర్పింపవలెను. 40 మించి 60 వరకున్నచో, ఒక సంవత్సరము వరకు సవరించిన ప్రతిని సమర్పింపరాదు. 60 మించినచో నమోదే రద్దగును. ఇవి అవసరములే. కాని శిక్ష తప్పు జరిగిన పిమ్మట వచ్చునది. నివారణము చిన్న తరగతులలోనే ఆరంభము కావలెను.

పరుల భావమును గ్రహించుట తప్పు కాదు. గ్రహించు పద్ధతి తెలియవలెను. కౌటిల్యుడు అర్థశాస్త్రమున అమాత్యుల నియామకమును గూర్చి చెప్పుచు, భారద్వాజుడు మొదలు బాహుదంతీపుత్రుని వరకు ఏడుగురు ఆచార్యుల మతములను వారి వారి పేర్లతో వరుసగా చూపి, ఆ పిదపనే తన నిర్ణయమును తన పేరుతో చెప్పెను. అందువలన ఆయన గౌరవము తగ్గలేదు, పెరిగినది.

తొమ్మిదవ శతాబ్దమున కాశ్మీరమునందు వెలసిన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున కావ్యముల పోలికను మూడు విధములుగా విభజించెను. మొదటిది అద్దములోని ప్రతిబింబము వంటిది. దానికి తనదైన ఆత్మ లేదు. రెండవది చిత్తరువు వంటిది. దాని ఆత్మ తుచ్ఛము. మూడవది రూపమున పోలియున్న ఇరువురు మనుష్యుల వంటిది. ఎవని ఆత్మ వానిదే గనుక అది గ్రాహ్యము. ఉపాధ్యాయుడు దీనినే పాఠముగా చేయవచ్చును. ఒక పేరాను ఉన్నదున్నట్లు ఒకమారు, పర్యాయపదములు మాత్రము మార్చి ఒకమారు, సొంత ఆలోచనతో ఒకమారు వ్రాసి చూపి, ఏది ప్రతిబింబమో, ఏది చిత్తరువో, ఏది సజీవమో పిల్లలచేతనే చెప్పింపవలెను.

ఆచరణమున మరికొన్ని నియమములు కలవు. ప్రశ్న ఎత్తి వ్రాయ వీలులేనిదిగా ఉండవలెను. “తుఫానులు” అని వ్యాసమిచ్చిన ఏ పుస్తకమునైనను దించివేయవచ్చును. “మీ యూరిలో తుఫాను వచ్చినపుడు నీరు ఎంతవరకు వచ్చినదో పెద్దల నడిగి వ్రాయుము” అన్నచో వానికి నడచి, విని, ఆలోచింపక తప్పదు. చదివిన పుస్తకమును మూసి వ్రాయుట, పిదప తెరచి సరిచూచుకొనుట అలవాటు చేయవలెను. ఎచ్చట గ్రహించినది అచ్చట మూలమును పేర్కొనవలెను. వ్రాసినదానిపై రెండు ప్రశ్నలు నోట అడిగినచో, తెలిసి వ్రాసెనో లేదో తేలును.

పిల్లవాడు తరచుగా దురాశచే గాక భయముచే ఎత్తి వ్రాయును. తప్పులతో కూడిన సొంత వాక్యమునకు మందలింపును, తప్పులేని యెరువు వాక్యమునకు మార్కులును లభించిన చోట, తన మాటకు విలువ లేదని వాడు నేర్చుకొనును. కావున ఉపాధ్యాయుడు ముందుగా సొంత ప్రయత్నమును మెచ్చి, పిదప దోషములను దిద్దవలెను. తాను చెప్పి వ్రాయించు నోట్సునందును ఏ మాట ఎవరిదో తెలుపవలెను. గురువు ఆచరించి చూపిన అస్తేయమే శిష్యునకు పట్టుబడును.