పాత స్నేహితులు, కొత్త స్నేహితులు



డిశ్చార్జి రోజున మందుల చీటీ వివరించిన తరువాత మేము ఒక మాట అడుగుతాము: "ఇంటికి వెళ్ళాక మిమ్మల్ని చూడడానికి ఎవరు వస్తారు?" పిల్లల పేర్లు వెంటనే చెబుతారు. స్నేహితుల సంగతి అడిగితే, "ఒకప్పుడు ఉండేవారండీ, ఇప్పుడెవరి దారి వారిది" అంటారు.

ఇది వైద్యానికి సంబంధము లేని విషయము కాదు. ఒంటరితనము వలన గుండెజబ్బు, పక్షవాతము, మధుమేహము వచ్చే అవకాశము పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో తెలిపింది. ప్రతి ఆరుగురిలో ఒకరికి ఈ బాధ ఉందట.

ఎడబాటుకు తగాదాయే అక్కరలేదు. పెళ్ళి, బదిలీ, పిల్లల చదువులు చాలు. ట్రైనింగ్‌లో మాతో ఒకే హాస్టలు గదిలో ఉన్న స్నేహితురాలు ఉద్యోగానికి గల్ఫ్ వెళ్ళింది. మొదట వారానికొక ఉత్తరము, తరువాత క్రిస్మస్ కార్డు మాత్రమే. ఫోనులో అక్కడి సంఘములోని కొత్తవారి కబుర్లే చెప్పేది. దాచడమెందుకు, మాకు కష్టముగానే ఉండేది. ఆమెకు అక్కడ ఆపరేషను జరిగినప్పుడు రాత్రంతా పక్కన కూర్చున్నది, జావ కాచి తెచ్చినది ఆ కొత్తవారే. మేము ఇక్కడ ప్రార్థన చేయగలిగాము గాని గ్లాసుడు నీళ్ళు అందించలేకపోయాము. అయితే నిద్రపట్టని ఒక రాత్రి ఆమె ఫోను చేసినది మాకే. చనిపోయిన వాళ్ళమ్మ గురించి మాట్లాడాలనిపించిందట. ఆ అమ్మ చేతి అన్నము తిన్నవాళ్ళము మేమే గదా.

అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయములో పౌలు, బర్నబా మార్కు విషయమై వాదించుకొని విడిపోయారు. బర్నబా మార్కుతో కుప్రకు వెళ్ళాడు, పౌలు సీలను ఏర్పరచుకొన్నాడు. పని ఆగలేదు. సంవత్సరాల తరువాత తిమోతికి రెండవ పత్రిక వ్రాసేటప్పుడు పౌలు ప్రక్కన లూకా ఉన్నాడు. అయినా మార్కును తీసుకొని రమ్మని కబురు పంపాడు.

చాలాకాలానికి పాత స్నేహితులకు ఫోను చేసినప్పుడు "ఇన్నాళ్ళూ ఏమైపోయావు?" అని మొదలుపెట్టకండి. కాళ్ళనొప్పులు, మనవలు, ఏదో ఒకటి, అయిదు నిమిషాలు చాలు. కొత్తవారితో చిన్న పనితో మొదలుపెట్టవచ్చు: సాయంకాలము కలిసి నడవడము, స్త్రీల కూడికకు కలిసి వెళ్ళడము. మద్యము మానినవారు మాత్రము, కలిసి త్రాగిన పాత మిత్రులకు దూరముగా ఉండడమే క్షేమము. అది కృతఘ్నత కాదు.

ఈసారి డిశ్చార్జి చీటీ వెనుక రెండు ఫోను నంబర్లు వ్రాసుకోండి. ఒకటి, పిలిస్తే నడిచి రాగలవారిది. రెండవది, మిమ్మల్ని చిన్నప్పటి నుండి ఎరిగినవారిది. రెండవది దొరకకపోతే ఊరిలో బంధువులనడిగి కనుక్కోండి. రివ్యూకు వచ్చినప్పుడు మేము అడుగుతాము.

— నర్సింగ్ సూపరింటెండెంట్