చదువునకు తోడైన కొలువు

చదువుకొనుచు సంపాదించుట అనగానే మనకు స్ఫురించునది బట్టలకొట్టులో గుమాస్తాగిరి, లేదా సాయంకాలపు ట్యూషన్లు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల పేద విద్యార్థికి పని వేరు, చదువు వేరు. మొదటిది రెండవదాని కాలమును హరించును. ఈ రెంటిని కలిపి నడపిన ప్రయత్నమొకటి పసిఫిక్ మహాసముద్ర మధ్యమున జరిగినది.

హవాయి దీవులలోని ఓవాహు ద్వీపమున లాయియె అను గ్రామము కలదు. మోర్మన్ క్రైస్తవ సంప్రదాయమువారు 1955లో అచట ఒక కళాశాలను స్థాపించిరి. నేడది ‘బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ–హవాయి’ అను విశ్వవిద్యాలయము. సమోవా, టోంగా వంటి దూరద్వీపములనుండి వచ్చిన విద్యార్థులలో పెక్కుమందికి ఫీజు కట్టు స్తోమత లేకుండెను. ఆ పల్లెలో ఉద్యోగములును అంతంతమాత్రమే. అయితే ఊరివారికొక పూర్వానుభవము కలదు. 1940లో కాలిపోయిన తమ ప్రార్థనామందిరమును తిరిగి కట్టుకొనుటకు వారు 1948లో ‘హుకిలావ్’ అను వలవేట ఉత్సవమును ఆరంభించి, విందుతో, నృత్యములతో యాత్రికులనుండి ధనము సేకరించిరి. ఆ దారినే 1963 అక్టోబరు 12న పాలినీషియన్ కల్చరల్ సెంటర్ వెలసినది.

అందు ఒక్కొక్క ద్వీపజాతికి ఒక్కొక్క పల్లె. ఒకడు కొబ్బరికాయ ఒలిచి, పుల్లల రాపిడితో నిప్పు పుట్టించి చూపును. ఇంకొకడు డోలు వాయించును. వంటశాలలోను, టిక్కెట్ల గదిలోను విద్యార్థులే కనబడుదురు. తరగతులు జరుగు దినములలో వారమునకు సుమారు 20 గంటలకు మించి పని ఉండదు. నా దృష్టిలో ఈ హద్దే ఆ పథకమునకు ప్రాణము.

లోపములు లేవని అనజాలము. ద్వీపవాసుల బ్రతుకును సదా నవ్వుచు నాట్యమాడు బొమ్మవలె చూపుచున్నారని కొందరు పరిశోధకులు విమర్శించిరి. అదియునుగాక 2020లో కోవిడ్ వలన ఆ కేంద్రము నెలల తరబడి మూతపడినది. సందర్శకులు రానినాడు ఇట్టి పనికి ఆధారమే లేదు.

మన చెంత చూపదగినవి కొరతయా? అహోబిలమున నవనారసింహ క్షేత్రములు, మహానందిలో నిర్మలజలపు కోనేళ్లు, ఆళ్లగడ్డలో శిల్పుల ఉలిచప్పుళ్లు ఉన్నవి. కొలిమిగుండ్ల చెంతనున్న బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని గూర్చి వ్రాయగా, 2002లో సందర్శకులకు తెరచిరి. సున్నపురాతిని నీరు తొలిచిన తీరును భూగర్భశాస్త్ర విద్యార్థి అచటనే నిలిచి వివరించినచో, అది జీతముతో కూడిన పునశ్చరణ కాదా? హైదరాబాదువారికి ఉర్దూలోను, కడపవారికి తెలుగులోను చెప్పగలవారు మన తరగతులలోనే కలరు. రెండు భాషలును వారు ఇంటినుండి తెచ్చుకొన్న సొత్తు. దానికి వెల కట్టువారే కరవు.

కళాశాల కమిటీవారు పర్యాటక శాఖతో మాటలాడి, వేసవి సెలవులలో పదిమందితో ఆరంభింపవచ్చును. వేతనమును ఫీజు ఖాతాకు జమ చేయవలయునా, విద్యార్థి చేతికి ఇయ్యవలయునా అనునది ముందుగా తేలవలెను. ఇంటికి నాలుగు రూకలు పంపవలసినవారు మనలో పెక్కుమంది ఉన్నందున, చేతికిచ్చుటయే న్యాయమని నా అభిప్రాయము. పరీక్షల నెలలో పని ఉండరాదు. ప్రొద్దు క్రుంకక మునుపే ఇల్లు చేర్చు బస్సు దొరకు చోటులనే విద్యార్థినులకు కేటాయింపవలెను. లేనిచో వారి తలిదండ్రులు ఒప్పరు.