పెరటి పాదులలో పిందె రాలుడు – పరాగ సంపర్క కీటకాలను ఆకర్షించే మొక్కల పెంపకం

నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతమైన ఉదయగిరి, ఆత్మకూరు పరిసర గ్రామాలలో పెరటి తోట కుటుంబానికి కూరగాయలతో పాటు ఆహ్లాదాన్నీ అందిస్తుంది. అయితే సొర, బీర, గుమ్మడి పాదులు ఏపుగా పెరిగి, పూత నిండుగా వచ్చినా, పిందెలు పసుపు రంగుకు మారి రాలిపోవడం తరచుగా కనిపించే సమస్య. దీనికి మందు పిచికారీ చేస్తే పరాగ సంపర్కం జరిపే కీటకాలు నశించి సమస్య మరింత పెరగవచ్చు. కనుక ముందుగా కారణాన్ని గుర్తించాలి.

కారణాన్ని గుర్తించడం

రాలిన పిందెను కోసి పరిశీలించాలి. లోపల పురుగులు, పైన సన్నని గాట్లు ఉంటే అది పండు ఈగ నష్టం. పురుగు లేకుండా పిందె కొన నుండి వడలి ఎండితే పరాగ సంపర్క లోపాన్ని అనుమానించాలి. తీగ జాతి కూరగాయలలో మగ, ఆడ పూలు వేరువేరుగా ఉంటాయి కనుక పుప్పొడిని చేరవేసే కీటకం తప్పనిసరి.

ఏ పువ్వుకు ఏ కీటకం

గుమ్మడి, దోస, కాకర పూలు ఉదయం విచ్చుకుంటాయి. వీటికి తేనెటీగలు ముఖ్యం. బీర, సొర, పొట్ల పూలు సాయంత్రం లేదా రాత్రి విచ్చుకుంటాయి. వీటిపై రెక్కల పురుగులు వాలతాయి. వంగ పువ్వులో పుప్పొడి కేసరాల కొనన ఉన్న సన్నని రంధ్రం గుండా మాత్రమే రాలుతుంది. తుమ్మెదలు పువ్వును పట్టుకొని కంపింపజేసి దానిని రాలుస్తాయి. మామూలు తేనెటీగలు ఈ పని చేయలేవు.

ఏడాది పొడవునా పూత

జిల్లా వర్షపాతంలో సగానికి పైగా అక్టోబరు–డిసెంబరు మాసాలలో ఈశాన్య ఋతుపవనాల వల్ల కురుస్తుంది. పూల మొక్కల ఎంపిక దీనికి అనుగుణంగా ఉండాలి.

• సెప్టెంబరు–అక్టోబరు: రేగు
• నవంబరు–జనవరి: బంతి, ధనియాలు, ఆవాలు, వానల తరువాత తానుగా మొలిచే తుమ్మి
• ఫిబ్రవరి–ఏప్రిల్: మునగ, నిమ్మ, కానుగ, వేప
• మే–ఆగస్టు: చింత, వాడుక నీటితో పెంచే తులసి, సబ్జా

తుమ్మిని కలుపుగా భావించి పూర్తిగా పీకివేయక, ఒక మూల వదలడం మేలు. వేసవిలో వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు వేసి నీరు పోసి ఉంచితే తేనెటీగలు మునగకుండా త్రాగుతాయి. తుమ్మెదల గూళ్ల కోసం ఎండు వెదురు, పాత దుంగలను, నేలలో గూడు కట్టే ఈగల కోసం కొద్దిపాటి దున్నని నేలను వదలాలి.

జాగ్రత్తలు

తేనెటీగల రక్షణకై సాయంత్రం పిచికారీ చేయాలన్న సూచన బీర, సొర పాదులకు యథాతథంగా వర్తించదు. వాటి పూలు విచ్చుకునేది అప్పుడే. విచ్చుకున్న పూలపై వేపనూనె సైతం పిచికారీ చేయరాదు. ఇమిడాక్లోప్రిడ్ వంటి అంతర్వాహిక మందులు పుప్పొడిలోకి, మకరందంలోకి చేరి తేనెటీగలకు హాని చేస్తాయి. కనుక పెరటిలో వీటిని వాడరాదు.

కీటకాల సంఖ్య పెరిగే వరకు చేతితో పరాగ సంపర్కం చేయవచ్చు. అప్పుడే విచ్చుకున్న మగ పువ్వు రెక్కలు తొలగించి, అడుగున పిందె ఉన్న ఆడ పువ్వు కీలాగ్రానికి మృదువుగా తాకించాలి. గుమ్మడిలో తెల్లవారగానే, బీర, సొరలలో సాయంత్రం ఇది చేయాలి.

విస్తరణ కార్యకర్తలు గ్రామ సమావేశంలో రాలిన పిందెను కోసి చూపి, ఆ తరువాతే సలహా ఇవ్వడం ఉత్తమం. సందె వేళ బీర పందిరి వద్ద కొద్దిసేపు కూర్చొని పూలపై వాలే పురుగులను గమనించే అలవాటు గృహిణులకు, పిల్లలకు కలిగితే, పెరడు ఆనందాన్నీ, కూరగాయలనూ ఇస్తుంది.