దుప్పికొమ్ముతో చేసిన ఒరలు

పొగ త్రాగుట మేలని చెప్పుటకు మేమీ వ్యాసమును వ్రాయుట లేదు. బాలురు ఆ యలవాటునకు దూరముగా నుండుటయే క్షేమము. అయినను ఒక చెడ్డ యలవాటు నాశ్రయించి యొక చక్కని శిల్పము పెరిగిన వృత్తాంతము జపాను దేశ చరిత్రమున కలదు. అది విద్యార్థులు తెలిసికొనదగినది.

16వ శతాబ్ది చివర పోర్చుగీసువారి మూలమున పొగాకు జపాను చేరెను. 17వ శతాబ్ది తొలినాళ్లలో ప్రభుత్వము దానిని పలుమారులు నిషేధించెను గాని, జనులు మానరైరి. వారు పొగ త్రాగు గొట్టమునకు "కిసెరు" అని పేరు. దాని కొనలు రెండును లోహముతోను, నడుమభాగము సన్నని వెదురుతోను చేయబడును. జపానీయుల కిమోనోకు మన చొక్కాకు వలె జేబులు లేవు. మన పెద్దలు చుట్టను రొంటిని దోపుకొనినట్లు, వారు గొట్టమును ఒక ఒరలో నుంచి నడికట్టున దోపుకొని, ఆ యొరకు త్రాటితో పొగాకుసంచిని కట్టి వ్రేలాడనిచ్చెడివారు. ఈ యొరయే "కిసెరుజుత్సు".

ఒరలను వెదురుతోను, కఱ్ఱతోను, దంతముతోను చేసిరి. కాని పనివాని నేర్పునకు గట్టి పరీక్ష దుప్పికొమ్ము. మగదుప్పి కొమ్ములు ఏటేట రాలి మరల మొలచును. వాని పైపొర గట్టిది. లోపలిభాగము బెండువలె సన్నని రంధ్రములతో నిండియుండును. దంతము అంతటను ఒక్కతీరుగా నుండును; కొమ్ము అట్లు కాదు. పనివాడు సుమారు 8 అంగుళముల ముక్కను గైకొని, లోపలి బెండును తొలిచివేయవలెను. కొన్ని యొరలలో ఒక గొట్టము మరియొక గొట్టములో బిగువుగా జొచ్చునట్లు అమర్చవలసి యుండెను. చేయి కొంచెము తప్పినను పనియంతయు చెడును.

19వ శతాబ్ది ఉత్తరార్ధమున టోక్యో నగరపు అసకుస పేటవారు ఈ పనిలో పేరొందిరి. వారిలో ఓజాకి కొకుసై ముఖ్యుడు. అతడు కొమ్మునకు సహజములైన వంకరలను దాచక చెక్కడములో కలుపుకొని, మేఘములను, పుట్టగొడుగులను, డ్రాగనులను చెక్కెను. తన పేరులోని "కొకు" అను నొక్క యక్షరమునే చిన్న ముద్రవలె నుంచెడివాడు.

1868లో దేశపాలనము మారెను. 1876లో కత్తులు ధరించుట నిషేధింపబడగా, కత్తుల యలంకారములు చేయు పనివారు పలువురు పొగాకుసంచుల బిళ్లలు చేసి బ్రదికిరి. పిమ్మట జేబులు గల కోట్లును, సిగరెట్లును వ్యాపించి, ఒరల వాడుక క్రమముగా తగ్గిపోయెను. ఇంటివారికి పాతసామానైనదానిని ఐరోపా, అమెరికా దేశస్థులు కొనిరి. ఆ క్రయవిక్రయములలో ఒర యొకచోటికి, సంచి యొకచోటికి, గొట్టము మరియొకచోటికి పోయినవి అనేకములు. అయినను కొన్నవారు భద్రపరచుటచేతనే నేడు మనము వానిని చూడగలుగుచున్నాము. టోక్యోలో చిరకాలము నివసించిన అమెరికా న్యాయవాది రేమండ్ బుషెల్ (1910–1998) ఇట్టి నడికట్టు వస్తువులను సేకరించి, వానినిగూర్చి గ్రంథములు రచించెను. అతని సేకరణములో పెక్కుభాగము లాస్ ఏంజెలిస్ నగరపు మ్యూజియమునకు చేరినది. టోక్యోలో 1978లో పొగాకునకును ఉప్పునకును ప్రత్యేకముగా ఒక మ్యూజియము తెరువబడినది.

మంచి సంగ్రాహకుడు సంతకము నొక్కదానినే నమ్మడు. సంతకమును ఎవరైనను అనుకరింపవచ్చును. కొమ్ములోని రంధ్రముల జాడను, చేతిరాపిడివలన వచ్చిన నునుపును, గొట్టముల కూర్పును అతడు పరిశీలించును.

మన విశాఖపట్టణపు పనివారును 19వ శతాబ్దిలో దంతముతోపాటు దుప్పికొమ్మును వాడి అందమైన పెట్టెలు చేసిరి. వానిలో పెక్కులు సముద్రము దాటిపోయినవి. మన యిండ్లలో తాతలనాటి సున్నపుకాయలు, అడకత్తెరలు, తాంబూలపు పెట్టెలు ఇంకను మిగిలియుండవచ్చును. వానిని పాతసామానువానికి తూచి యిచ్చుటకు ముందు ఒకమారు చేతికి తీసికొని చూడుడు. ఎవరు వాడిరో, ఎక్కడ చేయించిరో పెద్దల నడిగి వ్రాసియుంచుడు. వస్తువు మరల దొరకవచ్చును. చెప్పువారు పోయిన పిదప దాని కథ దొరకదు.