డబ్బా ఎవరి పక్కన విప్పుతున్నవ్?

బిడ్డా,

ఎల్లారెడ్డి నుంచి మీ పెద్దనాయన రాసేది. మొన్న మీ తమ్ముడు వచ్చి చెప్పిన ముచ్చట ఇంట్ల ఎవ్వరికీ మింగుడు పడలేదు. రెండు టీములను కలిపి నీ చేతుల పెట్టిన్రట. పాతోళ్లు ఒక దిక్కు, కొత్తగ వచ్చి కలిసినోళ్లు ఒక దిక్కట. మీటింగుల నువ్వు గొంతు పెంచితే ఒకామె కండ్లనీళ్లు పెట్టుకున్నదట. ఇవన్నీ విన్నంక గూడ మీ పెద్దనాయనకు గుచ్చుకున్న మాట వేరే ఉన్నది: మధ్యాహ్నం అన్నానికి నువ్వు ఆ పాత నలుగురితోనే కూసుంటవట. నీ జీతం పెరిగిందని అందరూ సంబురపడుతుంటే ఈయన మాత్రం "మిగతావాళ్లు ఏడ తింటున్నరు?" అని అడిగిండు. "ఎప్పుడు జూసినా నీకు తిండి గోలే" అన్నది మీ పెద్దమ్మ. అననీ.

మీ పెద్దనాయన కండక్టర్ సంచి భుజానికేసుకుని బతికిన మనిషి. ఆయనకు ఆఫీసంటే బస్సు, టీమంటే ఇద్దరు. ఆ ఇద్దరి నడుమ ఎన్ని పంచాయితీలుంటయో టికెట్ కొనుక్కుని కూసున్నోళ్లకు తెల్వదు. డిపోల డ్రైవర్‌ను చూసేది కేఎంపీఎల్‌తో, అంటే లీటర్ డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు తీసిండని. కండక్టర్‌ను అడిగేది ఈపీకే, కిలోమీటర్‌కు ఎంత రాబడి తెచ్చిండని. బండి ఆపిన ప్రతిసారీ డ్రైవర్‌కు డీజిల్ దండుగ. ఆపకుంట పోయిన ప్రతిసారీ కండక్టర్‌కు టికెట్ దండుగ. ఇద్దరూ మంచోళ్లే, ఇద్దరూ కష్టపడేటోళ్లే. లెక్క రాసే పద్ధతే ఇద్దరికీ తగువు పెడతది. నీ టీముల గూడ చూడు. పాతోళ్ల ఇంక్రిమెంట్ దేనిమీద, కొత్తోళ్ల ఇంక్రిమెంట్ దేనిమీద? పని జల్ది అప్పజెప్తే ఒకరికి మార్కులు, ఆ పనిల తప్పులు పడితే ఇంకొకరికి మార్కులు అయినప్పుడు వాళ్లు మొఖాలు మాడ్చుకుంటే అది వాళ్ల గుణం కాదు.

కామారెడ్డి నుంచి తాడ్వాయి, లింగంపేట మీదుగ ఎల్లారెడ్డికి వచ్చే తొవ్వల ఆయనకు ఒక డ్రైవర్ జతపడ్డడు. బండి నడపడంల మొనగాడు, మాటల పిసినారి. చేను గట్టున ఎవరన్న చెయ్యెత్తుతరు, కండక్టర్ సింగిల్ బెల్ కొడతడు, డ్రైవర్ చెవిటోని లెక్క పోతనే ఉంటడు. కొన్నాళ్లకు ఇద్దరి నడుమ బెల్లు తప్ప మాట లేకుండ అయింది. నైట్ హాల్ట్ ఊర్ల బండి ఆపి, డ్రైవర్ ముందర బానెట్ మీద రొట్టె మూట విప్పుతడు, కండక్టర్ వెనక సీట్ల సల్లన్నం తింటడు. పాతకాలం బండ్ల ఇంజన్ డ్రైవర్ పక్కనే ఉండె గద, బానెట్ మీద పెట్టిన డబ్బా ఊరు చేరేదాక వెచ్చగ ఉంటది. ఒకనాడు పొద్దుగూకినంక, ఎందుకో ఏమో, ఆ డ్రైవర్ వెనకకు చెయ్యి చాపి "డబ్బా ఇటియ్యి" అన్నడు. అంతే.

ఆ రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు నడుమ అసలు సంగతి బయటికొచ్చింది. ఎక్కుడు మీద ఆపితే మళ్ల ఫస్టు గేరుల లేవాలె, డీజిల్ తాగుతది, పైనోళ్లు నన్నే అడుగుతరు అన్నడాయన. మరి ఎక్కుడు దాటినంక ఆపుదాం, జనానికి నేను చెప్పుకుంట అన్నడు మీ పెద్దనాయన. వారం తిరగకముందే పల్లెలోళ్లు ఎక్కుడు పైన నిలబడుడు నేర్చుకున్నరు. ఈ పరిష్కారం ఏ సర్క్యులర్ల ఉండదు, ఏ ఆఫీసర్‌కు తట్టదు. పక్కపక్కన కూసుని తినేటప్పుడు మాత్రమే నోటికొస్తది. అందుకే తిండి గోల.

అన్నట్టు, నీ కండ్ల మంట తగ్గిందా? రాత్రి రెండింటిదాక ఆ కంప్యూటర్ ముందర కూసునుడు బంద్ పెట్టు. మీ పెద్దమ్మ మామిడికాయ తొక్కు సీసాల పెట్టింది, తమ్మునితోని పంపుతది. సీసా పెద్దదే. ఒక్కదానివే తినేటందుకు కాదు.

ఇంక పెద్ద ముచ్చటకొస్త. ఆర్టీసీకి మూలం 1932 జూన్ 15న నిజాం స్టేట్ రైల్వే కింద 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతోని మొదలైన రోడ్డు రవాణా శాఖ. బండి నంబర్ల ఉండే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీదిదని పాత కార్మికులు గర్వంగ చెప్పుకునేటోళ్లు. బండి తనది కాదు, సంస్థ తనది కాదు, అయినా ఆ నంబర్ చూస్తే ఛాతీ ఉబ్బేది. జీతంతోని కొనలేని సరుకు ఇది. మన సంస్థ అనుకున్న మనిషి అదనపు డ్యూటీకి గొణుక్కుంటనే పోతడు, అయినా పోతడు.

తెలంగాణ రాష్ట్రం కోసం 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. బొగ్గుబాయిలు, బడులు, ఆఫీసులతోపాటు బస్సులూ ఆగినయి. అప్పుడు డ్రైవర్, కండక్టర్, మెకానిక్ అందరూ తెలంగాణోళ్లే. కేఎంపీఎల్, ఈపీకే ఎవ్వరికీ గుర్తుకు రాలే. మళ్ల 2019 అక్టోబర్ 5న 48 వేల పైచిలుకు కార్మికులు ప్రభుత్వంల విలీనం, ఇంక తక్కిన డిమాండ్లతోని సమ్మెకు దిగిన్రు. డ్యూటీకి రానోళ్లు తమంతట తామే ఉద్యోగం పోగొట్టుకున్నట్టని ముఖ్యమంత్రి కేసీఆర్ తేల్చి చెప్పిండు. ప్రాణాలు తీసుకున్నోళ్లూ ఉన్నరు. నవంబర్ 25న సమ్మె విరమించినమని కార్మికుల జేఏసీ చెప్తే మరుసటి రోజు డిపోల కాడ పోలీసులు అడ్డం నిలబడ్డరు. మళ్ల పనిలకు తీసుకున్నది నవంబర్ 29న. రెండు జీతాలు రాని కష్టం పెద్దదే. అంతకంటె పెద్దది, ఎవరి పిలుపుకు 2011ల బండ్లు ఆపిన్రో ఆయనే మీరు మాకేం గారన్నట్టు మాట్లాడుడు. ఆ రోజులల్ల డిపో గేట్ల కాడ నిలబడ్డ మగోళ్లు ఏడ్చింది జీతానికి కాదు.

డిసెంబర్ 1న ఏమైందో యాదుంచుకో. 97 డిపోల నుంచి ఐదుగురు చొప్పున కార్మికులను ప్రగతి భవన్‌కు పిలిచి, వాళ్లతోని కలిసి అన్నం తిన్నంక కేసీఆర్ మాట్లాడిండు. సమ్మె కాలం జీతం ఇస్తమన్నడు, రిటైర్మెంట్ వయసు 58 నుంచి 60కి పెంచిండు, ఆడోళ్లకు రాత్రి ఎనిమిది దాటితే డ్యూటీలు వద్దన్నడు. అప్పటిదాక కాని పనులు ఆ విస్తరి కాడ అయినయి. గని ఆ బంతి రెండు నెలలు ఆలస్యం. యూనియన్లను పక్కకు జరిపి డిపోకో సంక్షేమ మండలి పెట్టుడు గూడ మీ పెద్దనాయనకు నచ్చలే. అన్నం పెట్టినోడు నోరు మూయించొద్దు. విలీనం బిల్లు 2023 ఆగస్టు 6న శాసనసభల పాసయ్యింది. 43,373 మంది సంగతి అది.

సమ్మె ముగిసినంక అసలు కష్టం డిపోల లోపల. సర్కారు పెట్టిన గడువుకు ముందే డ్యూటీల చేరినోళ్లు కొందరు, ఆఖరిదాక నిలబడ్డోళ్లు మిగతావాళ్లు. ఒక డిపోల రెస్ట్ రూముల రెండు గుంపులు రెండు మూలల కూసున్నరని, టీ గూడ వేరువేరుగ తెప్పించుకున్నరని పాత దోస్తులు చెప్పిన్రు. ఆడ మేనేజర్ ఎవరి దిక్కూ మాట్లాడకుంట ఊకున్నడట. నువ్వట్ల ఊకోకు.

గుంపుల నడుమ తగువు ఎట్ల పుడతదో చూద్దామని అమెరికాల ముజఫర్ షెరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954ల ఓక్లహోమాల రాబర్స్ కేవ్ అనే కాడ 22 మంది పోరగాండ్లను క్యాంపు పెట్టి, రెండు గుంపులు చేసి, పోటీలు పెట్టిండు. కొద్దిరోజులల్లనే జెండాలు కాలబెట్టుకున్నరు. ఊరికె ఒక్కకాడ కూసోబెట్టి తినిపిస్తే తగ్గలే, అన్నం విసురుకున్నరు! ఇది మీ పెద్దనాయన వాదానికి దెబ్బే, దాచిపెట్టుడెందుకు. నీళ్ల ట్యాంకు ఆగినప్పుడు, ట్రక్కు స్టార్ట్ కాకుంటే అందరూ కలిసి తాడు కట్టి గుంజినప్పుడు కలిసిన్రు. కాబట్టి తిండి ఒక్కటే సాలదు, మోరాయించిన బండి ఒకటి గూడ ఉండాలె. ఏడాది ముందు ఇంకోకాడ ఇదే ఆట పెడితే పిల్లలు ఒకరిమీద ఒకరు తిరగబడనే లేదట. అంటే మనుషులను గుంపులుగ చీల్చుడు అంత అలకగ కాదు, ఎవరన్న పూనుకుంటెనే అయితది.

మన కామారెడ్డినే చూడు. మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్ ముసాయిదాల పొలాలను ఇండస్ట్రియల్ జోన్ల కలిపిన్రని 2023 జనవరి 5న చుట్టుపక్కల ఊర్ల రైతులు కలెక్టరేట్ కాడ కూసున్నరు. కులం, పార్టీ, ఊరు పక్కకు పోయినయి. జనవరి 20న కౌన్సిల్ ఆ ముసాయిదా రద్దుకు తీర్మానం చేసింది. వాళ్ల నడుమ తిరిగిన కాటిపల్లి వెంకటరమణారెడ్డి ఆ డిసెంబర్ 3న అసెంబ్లీ ఎన్నికల ఫలితాలల్ల కేసీఆర్‌ను, రేవంత్‌రెడ్డిని ఒక్కసారే ఓడగొట్టిండు, కేసీఆర్ మీద 6,741 ఓట్ల ఆధిక్యం. పార్టీ సంగతి విడిచిపెట్టు. తర్వాత నెలల రోడ్డు వెడల్పు కోసం ముందుగాల తన ఇల్లే కూలగొట్టించిండు. అడిగేటోడు ముందు తాను ఇయ్యాలె. సజ్జనార్ 2021 సెప్టెంబర్ల ఆర్టీసీ ఎండీగ వచ్చిన కొత్తల మామూలు మనిషి లెక్క టికెట్ కొని బస్సుల హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండ్‌కు పోయిండు. కుర్చీల కూసుని ఎన్ని ఫైళ్లు చదివినా ఆ వాసన, ఆ తోపులాట తెలియవు.

నీ కోపం సంగతి. డ్రైవర్ ఇంటికాడ కొట్లాడి వచ్చిన దినం బ్రేకుల తెలుస్తది. నిలబడ్డ యాభై మంది ముందుకు తూలుతరు, వాళ్లు కండక్టర్‌ను తిడతరు, కండక్టర్ చిల్లర కోసం ముసలవ్వ మీద అరుస్తడు. నీ గొంతు గూడ నీ కాడ ఆగదు. ఆ ఏడ్చినామె ఆ సాయంత్రం ఎవరిని కసిరిందో నీకు తెల్వదు. నువ్వు చిన్నప్పుడు అన్నం కాడ అలిగితే మీ నాయనమ్మ పళ్లెం పట్టుకుని వాడంత తిరిగేది. అంత గారాబంగ పెరిగినదానివి, ఒకరిని ఏడిపించే రకం కాదు నువ్వు. నిద్ర సాల్తలేదు నీకు, గంతే.

సోమవారం పాత నలుగురికి చెప్పి లేచి, అటు దిక్కు పోయి కూసో. ఒక్కదానివే పో. వాళ్లు మొదట మాట్లాడరు, తొక్కు సీసా మూత తియ్యి. పని ముచ్చట నువ్వు ఎత్తకు. వాళ్ల పేర్లు, ఏ ఊరోళ్లు, ఇంటికి పోయేటందుకు ఏ బస్సు ఎక్కుతరు, అన్నీ అడిగి ఆదివారం లోపల నాకు రాసి పంపు. ఫోన్ల చెప్తే లెక్కకు రాదు, కాగితం మీదనే రాయి.

మీ పెద్దనాయన