కువైట్ ఎంత దూరం?

నూజివీడు తోటల్లో మామిడి కోతలు వేసవిలోనే. మిగతా రోజుల్లో పని తక్కువ. బతుకుతెరువు కోసం ఊరు దాటేవాళ్లు ఉంటారు. గోదావరి జిల్లాల నుంచి, కడప జిల్లా నుంచి ఎందరో ఆడవాళ్లు ఇంటి పనికి కువైట్ వెళ్లారు.

కువైట్ ఎంత దూరం? ప్రయాణం ఎంతసేపు? లెక్క వేసి చూద్దాం.

దూరం

నూజివీడు నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. బస్సులో ఆరేడు గంటలు పడుతుంది. హైదరాబాద్ విమానాశ్రయం శంషాబాద్‌లో ఉంది. అక్కడి నుంచి కువైట్‌కు ఆకాశ మార్గంలో సుమారు 3,400 కిలోమీటర్లు. అంటే మనం హైదరాబాద్ వెళ్లే దూరానికి పదకొండు రెట్లు!

విమానం పైకి లేచాక గంటకు 800 కిలోమీటర్ల దాకా పోతుంది. ఎక్కడా ఆగకపోతే సుమారు 5 గంటల్లో కువైట్ చేరుతుంది. మధ్యలో వేరే ఊళ్లో విమానం మారితే ఇంకా ఆలస్యం.

రెండు గడియారాలు

సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు. కువైట్ మనకు పడమర దిక్కున ఉంది. అందుకే మనకు ముందు తెల్లవారుతుంది. వాళ్లకు తర్వాత తెల్లవారుతుంది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. మనకు పొద్దున 9 గంటలైతే అక్కడ ఆరున్నరే.

టిక్కెట్టు మీద రెండు టైములు ఉంటాయి. ఎక్కే టైము ఎక్కే ఊరిది. దిగే టైము దిగే ఊరిది.

విమానం హైదరాబాద్‌లో పొద్దున 10 గంటలకు లేచిందనుకోండి. 5 గంటల ప్రయాణం. మన గడియారంలో మధ్యాహ్నం 3 అవుతుంది. అందులోంచి రెండున్నర తీసేయండి. కువైట్‌లో అప్పుడు పన్నెండున్నర. టిక్కెట్టు మీద ఉండేది ఈ పన్నెండున్నరే. అది చూసి ప్రయాణం రెండున్నర గంటలే అనుకోకూడదు.

తేదీ చూడండి

తిరిగి వచ్చే టిక్కెట్టు మీద 22:00 అని ఉందనుకోండి. అందులోంచి 12 తీసేస్తే 10. అంటే రాత్రి 10 గంటలు. వచ్చేటప్పుడు తరచుగా వెనక గాలి విమానాన్ని తోస్తుంది. ప్రయాణం నాలుగున్నర గంటలు అనుకుందాం. దిగేసరికి కువైట్‌లో రాత్రి రెండున్నర. దానికి రెండున్నర కలపండి. మనకు తెల్లవారుజాము 5 గంటలు.

కానీ మధ్యలో అర్ధరాత్రి దాటింది. తేదీ మారింది! 10వ తేదీ రాత్రి ఎక్కిన మనిషి 11వ తేదీ తెల్లవారుజామున దిగుతుంది. కారు మాట్లాడుకుని 10వ తేదీ తెల్లవారుజామునే వెళ్తే రోజంతా పడిగాపులే. కారు కిరాయి కూడా దండగ.

అక్కడ రాత్రి 10 గంటలకు పని ముగించి మీ అమ్మాయి ఫోను చేస్తే, ఇక్కడ పన్నెండున్నర అవుతుంది. ఇంత రాత్రి ఏమైందో అని కంగారు పడకండి. ఆమెకు అప్పుడే తీరిక దొరికింది.

టిక్కెట్టు ఇంగ్లీషులో ఉంటుంది. అయినా అంకెలు మనకు వచ్చినవే. ఏజెంటు నోటిమాట మీదే ఆధారపడకండి. తేదీ, టైము మీరే చదవండి. టిక్కెట్టు, పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఇంట్లో దాచుకోండి.

లెక్క చేయండి

1. కువైట్‌లో సాయంత్రం 6 గంటలు. నూజివీడులో ఎంత?
2. మనకు మధ్యాహ్నం ఒంటిగంట. కువైట్‌లో ఎంత?
3. టిక్కెట్టు మీద 19:30 అని ఉంది. అంటే ఎన్ని గంటలు?